ఊహించని నోట ఒక మంచి మాట



ఉద్యోగం చేసే ప్రతిచోటా ఒక మనిషి ఉంటారు. ఆయన సీటు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే మనం కాస్త చుట్టు తిరిగి వెళ్తాం. ఆమె సంతకం కావాల్సిన కాగితం చేతిలో ఉంటే, లోపలికి అడుగుపెట్టే ముందు అటెండరును అడుగుతాం, ఇవాళ మేడమ్ ఎలా ఉన్నారని. స్కూలు స్టాఫ్ రూములో, ఆస్పత్రి వార్డులో, ఆర్టీసీ డిపోలో, మండలాఫీసులో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఎక్కడికి వెళ్లినా అలాంటివారు ఒకరు ఎదురవుతారు. పని బాగా వచ్చినవారే. కానీ నోరు విప్పారంటే తప్పు పట్టడానికే. అలాంటి మనిషి ఒకరోజు, మనం ఏమాత్రం ఎదురుచూడని వేళ, మన పని గురించి ఒక మంచి మాట అంటే? ఆ మాట మనల్ని ఎందుకంతగా కదిలిస్తుంది? దాన్ని మనం ఎలా అందుకోవాలి? ఈ పూట మీతో దాని గురించే మాట్లాడాలని వచ్చాను.

నేను బ్యాంకు ఉద్యోగిని. కౌంటరులో కూర్చుని డబ్బు లెక్కపెట్టడంతో నా ఉద్యోగం మొదలైంది. నాకు బాగా తెలిసిన చోటు అదే కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

పల్నాడులో, చుట్టూ పత్తి పండే పల్లెలున్న ఒక చిన్న పట్టణం. అక్కడ మా బ్రాంచి. మా హెడ్ క్యాషియరుగారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. బ్యాంకు పని తెలియనివారికి హెడ్ క్యాషియరు అంటే ఎవరో కొంచెం చెప్పాలి. నగదు దాచే స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి ఆఫీసరు దగ్గర, ఇంకొకటి హెడ్ క్యాషియరు దగ్గర. ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. సాయంత్రం కౌంటర్లు మూశాక క్యాషియర్లందరూ తమ దగ్గరున్న డబ్బును కట్టలు కట్టి ఆయనకు అప్పగించాలి. వంద నోట్లు ఒక ప్యాకెట్టు, పది ప్యాకెట్లు ఒక బండిలు. ప్రతి ప్యాకెట్టుకూ చుట్టిన కాగితం పట్టీ మీద లెక్కపెట్టినవారి సంతకం, తేదీ ఉండాలి. ఎక్కడైనా ఒక నోటు తగ్గిందని తేలితే, ఆ సంతకం ఎవరిదో వాళ్లు తమ జేబులోంచి కట్టుకోవాలి.

ఆయన మా ప్యాకెట్లు విప్పేవారు. అందరం కట్టి ఇచ్చిన వాటిలోంచి తనకు తోచినవి తీసి, పట్టీ ఊడదీసి, బొటనవేలితో ఒక్కొక్క నోటూ మళ్లీ లెక్కపెట్టేవారు. లెక్క సరిపోతే ఒక్క మాట ఉండేది కాదు. సరిపోకపోతే మాత్రం హాలంతా వినపడేది. నోట్లన్నీ ఒకే వైపు ముఖం పెట్టి ఉండాలి. మూలలు మడిచి ఉండకూడదు. నలిగినవి, చిరిగినవి మంచివాటిలో కలవకూడదు. కలిస్తే, "ఏమ్మా, ఇది కట్టా, చిత్తుకాగితాల మూటా?" అని ప్యాకెట్టు బల్ల మీదికి తోసేసేవారు. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టొద్దని, కాగితం పట్టీలు చుట్టమని రిజర్వు బ్యాంకు 2001 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా చాలాచోట్ల పిన్నులు పోలేదు. మా బ్రాంచిలో మాత్రం పిన్ను గుచ్చిన కట్ట ఒక్కటి కనిపించేది కాదు. అది ఆయన చలవే. పనిలో ఆయన చండశాసనుడు, ఆ శాసనం తన మీద కూడా నడిచేది. ఉదయం అందరికంటే ముందు వచ్చేవారు, బ్యాంకు పెన్నుతో సొంత చీటీ కూడా రాసుకునేవారు కాదు.

అయితే ఆయన నోరు మంచిది కాదు. ఇది నేను మెత్తగా చెప్పను. కొత్తగా చేరిన ఒక కుర్రాణ్ణి కౌంటరు ముందు నిలబడ్డ రైతుల ఎదురుగానే ఆయన అన్న మాటకు ఆ అబ్బాయి ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ అబ్బాయి సంగతి మళ్లీ చెబుతాను.

ఆయనతో నాకు మాటలు కలిసింది ఒకే విషయంలో, దొంగనోట్ల విషయంలో. ఒకరోజు ఒక ఖాతాదారుడు తెచ్చిన డబ్బులోంచి ఆయన ఒక ఐదువందల నోటును వేలి కొసతో తాకి పక్కకు తీశారు. కౌంటింగు మిషను దాన్ని మంచి నోట్లతో పాటే లెక్కపెట్టింది. ఎలా తెలిసిందని అడిగాను. ఆ ప్రశ్నకు ఆయన ముఖంలో చిరాకు కనిపించకపోవడం అదే మొదటిసారి. నోటు నా చేతికిచ్చి, "కళ్లు మూసుకుని తడుము" అన్నారు. అప్పటి నోట్లలో గాంధీ బొమ్మ మీదా, రిజర్వు బ్యాంకు ముద్ర మీదా అచ్చు ఉబ్బెత్తుగా వేలికి తగలాలి. లోపలి దారం నోటును వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. 2015 నుంచి వచ్చిన నోట్లలో నంబరు అంకెలు ఎడమ నుంచి కుడికి పోనుపోను పెద్దవవుతాయి. వెనకవైపు కింద అచ్చయిన సంవత్సరం లేకపోతే అది 2005కు ముందుది. ఇవన్నీ సర్క్యులర్లలో ఉన్నవే. కానీ వేలి కొసకు ఎక్కాలంటే ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టి నేర్పాలి. ఆయన నేర్పారు. నేర్పుతున్నంతసేపూ మామూలు మనిషిలా మాట్లాడారు. పాఠం అయిపోగానే, "సరే, సీటులోకి పో" అన్నారు.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఇలాంటి సంగతే ఒకటి రాసుకున్నాడు. 1730ల చివర్లో ఆయన పెన్సిల్వేనియా శాసనసభలో గుమాస్తాగా ఉండేవాడు. ఒక కొత్త సభ్యుడు ఆయన నియామకాన్ని వ్యతిరేకిస్తూ సభలో గట్టిగా మాట్లాడాడు. ఫ్రాంక్లిన్ ఆయన్ను బతిమాలుకోలేదు, పొగడనూ లేదు. ఆయన దగ్గర ఒక అరుదైన పుస్తకం ఉందని విని, కొన్నాళ్ల కోసం ఇవ్వగలరా అని చీటీ పంపాడు. పుస్తకం వెంటనే వచ్చింది. వారంలో కృతజ్ఞత చెబుతూ తిరిగి పంపాడు. మళ్లీ సభలో కలిసినప్పుడు ఆ సభ్యుడు, అంతకుముందెన్నడూ పలకరించనివాడు, ఎంతో మర్యాదగా మాట కలిపాడు. ఆ సభ్యుడు చనిపోయేదాకా వాళ్లు స్నేహితులుగానే ఉన్నారు. ఎదుటివారికి తెలిసిన విద్యను, వారి దగ్గరున్న మంచి వస్తువును మనం గుర్తించి అడగడంలో ఒక గౌరవం ఉంది. పెళుసు మనుషులకు ఆ గౌరవం మిగతావాళ్ల కంటే తక్కువగా దొరుకుతుంది. వాళ్ల దగ్గరికి ఎవరూ వెళ్లరు కదా.

2016 నవంబరు 8, మంగళవారం. రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. ఆ అర్ధరాత్రి నుంచి ఐదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. దేశంలో చలామణీలో ఉన్న నగదు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లదే. మర్నాడు బ్యాంకులు జనానికి మూసేశారు. 10వ తేదీ ఉదయం మేము షట్టరు ఎత్తేసరికి క్యూ బస్టాండు దాటి ఉంది. శనివారం, ఆదివారం కూడా కౌంటర్లు తెరిచాం. మార్చుకునే పరిమితి మొదట 4000, తర్వాత 4500, ఆ తర్వాత 2000. ప్రతి రెండు మూడు రోజులకొక కొత్త ఉత్తర్వు. వేలికి సిరా పూయమన్నారు. పత్తి అమ్మిన డబ్బు సంచిలో పెట్టుకుని రైతులు వచ్చారు. భర్తకు తెలియకుండా దాచుకున్న నోట్లు కొంగులో కట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. ఆ నోట్లకు పసుపు వాసన, మెంతుల వాసన ఉండేది. వాటిని కౌంటరు మీద పెడుతూ, "చెల్లుతాయా అమ్మా?" అని అడిగేవారు. చెల్లుతాయని చెప్పడానికే నాకు రోజంతా సరిపోయేది.

ఆ రోజుల్లో క్యాషియరు పని ఎలా ఉండేదో అందులో ఉన్నవాళ్లకే తెలుసు. ఇచ్చేది కొత్త నోటు, తీసుకునేది రద్దయిన నోటు, రెండిటికీ వేరువేరు లెక్క. ఎదుట నిలబడ్డ ముసలాయనకు కళ్లు తిరుగుతుంటాయి, వెనక ఎవరో అరుస్తుంటారు, మన చెయ్యి మాత్రం తొంభైఎనిమిది, తొంభైతొమ్మిది, వంద అంటూ నడవాలి. దేశమంతటా ఎందరో క్యాషియర్లు తగ్గిన డబ్బును సొంతంగా కట్టుకున్నారు. మాది కరెన్సీ చెస్టు, అంటే రిజర్వు బ్యాంకు తరఫున నగదు నిల్వ ఉంచే ఖజానా, ఉన్న బ్రాంచి కాదు. వచ్చిన పాతనోట్లన్నీ బండిళ్లు కట్టి చెస్టుకు పంపాలి. అక్కడ మళ్లీ లెక్కపెడతారు. తగ్గితే కబురు వస్తుంది, ఏ సంతకం ఉన్న ప్యాకెట్టులో ఎంత తగ్గిందో. నా సంతకం ఉన్న కట్టల మీద ఆ కబురు రాలేదు. హెడ్ క్యాషియరుగారు ఆ రోజుల్లో ఎవరినీ ఓదార్చలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు. రాత్రి పొద్దుపోయాక స్ట్రాంగ్ రూము తలుపు వేసి, తాళం రెండుసార్లు లాగి చూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్లేవారు.

ఆ మాఘమాసంలో వాళ్ల అమ్మాయి పెళ్లి. ఆయన సెలవు పెట్టడమే ఒక విశేషం. హెడ్ క్యాషియరు సెలవులో వెళ్తే ఆ తాళంచెవి ఇంకొకరికి అప్పగించాలి. నేను వోచర్ల మీద సంతకానికి మేనేజరుగారి గదికి వెళ్తున్నాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మేనేజరుగారు ఎవరికి అప్పగిస్తారని అడుగుతున్నారు. సీనియారిటీలో నాకంటే ముందున్న ఇద్దరి పేర్లు చెప్పారు. హెడ్ క్యాషియరుగారు అన్న మాట ఇది: "మీ ఇష్టం సార్. నన్నడిగితే మాత్రం ఆ అమ్మాయికివ్వండి. ఆ అమ్మాయి కట్టిన ప్యాకెట్టు నేను విప్పి చూడటం మానేసి చాన్నాళ్లయింది."

బయటికి వచ్చి తలుపు దగ్గర నన్ను చూశారు. "వోచర్లు అయినాయా?" అన్నారు. అంతే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ నేను ఆలోచించింది ఆయన పొగడ్త గురించి కాదు. మానేసి చాన్నాళ్లయిందన్న ముక్క గురించి. అంటే ఆయన నమ్మకం ఆ గదిలో ఆ నిమిషంలో పుట్టింది కాదు. అంతకు ఎన్నో రోజుల ముందే పుట్టింది. ప్రతి సాయంత్రం నా ప్యాకెట్లు ఆయన బల్ల మీదికి వెళ్లేవి, విప్పకుండానే పెట్టెలోకి వెళ్లేవి. ఆ రోజులన్నీ నేను ఆయన మెచ్చే మనిషినే. ఆ సంగతి నాకు మాత్రం తెలియదు. ఆయన సెలవు పెట్టకపోతే, మేనేజరుగారు అడగకపోతే, తలుపు మూసి ఉంటే, ఎప్పటికీ తెలిసేది కాదు.

ఈ సంగతిని మీరు కాస్త నిలబడి చూడాలని నా కోరిక. ఆఫీసుల్లో మెప్పు అరుదని మనం అనుకుంటాం. నా అనుభవంలో మెప్పు అంత అరుదు కాదు. అరుదైనది దాన్ని పైకి అనడం. మనతో పనిచేసే కఠినమైన మనుషుల్లో ఎంతోమంది మనసులో మన గురించిన ఒక మంచి అభిప్రాయం ఎప్పుడో ఏర్పడి, అక్కడే ఉండిపోతుంది. వాళ్ల చేతలు ఆ అభిప్రాయం ప్రకారమే నడుస్తుంటాయి. కష్టమైన ఫైలు మన బల్ల మీదికే వస్తుంది. మన డ్రాఫ్టు మీద ఎర్ర గీతలు తగ్గుతాయి. మనం డ్యూటీలో ఉన్న రాత్రి పెద్ద నర్సమ్మ రెండోసారి రౌండ్‌కు రాదు. ఇవన్నీ ఆమోదాలే. కానీ వాటిని చదవడం మనకు ఎవరూ నేర్పలేదు, వాళ్లేమో నోరు తెరవరు.

ఆ మాట అంత లోతుగా ఎందుకు తాకుతుందన్న దాని మీద పేరున్న ప్రయోగం ఒకటుంది. 1965లో అమెరికాలో ఎలియట్ ఆరన్సన్, డార్విన్ లిండర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేశారు. మినెసోటా విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయిలను పిలిచి, ఒక్కొక్కరినీ ఒక కొత్త మనిషితో ఏడుసార్లు మాట్లాడించారు. ప్రతి మాటామంతీ తర్వాత ఆ కొత్త మనిషి తన గురించి ఏమంటున్నదో ఆ అమ్మాయికి వినపడేలా ఏర్పాటు చేశారు. కొందరు ఏడుసార్లూ మంచి మాటలే విన్నారు. కొందరు ఏడుసార్లూ విమర్శలే విన్నారు. కొందరికి మొదట విమర్శ, పోనుపోను మెప్పు. కొందరికి మొదట మెప్పు, తర్వాత విమర్శ. చివర్లో, ఆ మనిషి నీకెంత నచ్చిందో మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా మార్కులు వెయ్యమన్నారు. మొదటి నుంచీ పొగిడినామెకు సగటున 6.42 వచ్చాయి. విమర్శతో మొదలుపెట్టి మెప్పుకు వచ్చినామెకు 7.67. ఎప్పుడూ విమర్శించినామెకు 2.52. అందరికంటే తక్కువ, 0.87, మంచిగా మొదలుపెట్టి చెడుగా మారినామెకు. మనం మనుషుల మాటలను విడివిడిగా తూచం, వాటి నడక ఎటు పోతున్నదో చూస్తామన్నమాట. ఎప్పుడూ భేషనే మనిషి భేషంటే అది ఆయన స్వభావం. ఎన్నడూ అననివారు అంటే అది మన పని.

ఈ ప్రయోగాన్ని విని, అయితే ముందు నాలుగు తిట్టి తర్వాత మెచ్చుకుంటే సరిపోతుంది కదా అనుకునే పెద్దలు ఉంటారు. ఉన్నారు కూడా. వాళ్లకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. ఆ ప్రయోగంలో అమ్మాయిలు కాసేపు కూర్చున్నారు, వెళ్లిపోయారు. ఎదుటి మనిషి ఎంత నచ్చిందన్నదే అక్కడ కొలిచారు. పనిచోట మనిషి ఏళ్ల తరబడి కూర్చోవాలి. ఆ ఏళ్లలో నిద్ర కరువవుతుంది, ఉదయం స్కూటరు తీస్తుంటే చేతులు బరువెక్కుతాయి. అందరూ మెప్పుదాకా ఆగరు.

ఆ కుర్రాడు ఆగలేదు. ఏడాది తిరక్కముందే బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అతని లెక్క కూడా పక్కాగా ఉండేది. పాతనోట్ల గొడవ అంతా సద్దుమణిగాక ఒక సాయంత్రం, కట్టలు పెట్టెలోకి సర్దుతూ, హెడ్ క్యాషియరుగారు ఉన్నట్టుండి అన్నారు, "ఆ కుర్రాడి చేతిలో లెక్క ఉండేదమ్మా. నిలిస్తే మంచి క్యాషియరు అయ్యేవాడు." ఆ మాట వినాల్సినవాడు అప్పటికి వేరే జిల్లాలో ఉన్నాడు. నేను ఫోను చేసి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. "నాతో అనుంటే ఉండేవాణ్ణక్కా" అన్నాడు. ఆ కఠినత్వానికి బ్రాంచి చెల్లించిన ధర అది. నాకు దక్కిన ఒక మంచి మాట ఆ ధరను మాఫీ చెయ్యదు. ఆయన నా పనిని మెచ్చారు కాబట్టి అతనితో అలా మాట్లాడటం సబబేనని నేను అనలేను. రెండూ నిజమే, రెండూ ఆయనవే.

ఇంకో రకం మనుషుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మెప్పును లెక్కవేసి విదిలించేవారు. రేపు ఆదివారం పనికి రమ్మనే ముందు రోజు, "నువ్వు లేకపోతే ఈ సెక్షన్ నడవదయ్యా" అనేవారు. అందరి ఎదుటా అవమానించి, గదిలోకి పిలిచి టీ ఇప్పించేవారు. ఆ టీ కోసం, ఆ గదిలోకి పిలుపు కోసం మనుషులు ఏళ్ల తరబడి కుంగిపోవడం నేను చూశాను. తేడా ఎలా తెలుస్తుందని అడిగితే, నేను చూసే గుర్తు ఒకటే. నిజమైన మెప్పులో పని ఉంటుంది. ఏ పని, ఎక్కడ, ఎలా బాగుందన్నది ఉంటుంది. ప్యాకెట్టు విప్పడం మానేశానన్నది పని గురించిన మాట. నువ్వు లేకపోతే నడవదన్నది మనల్ని పట్టి ఉంచే మాట. రెండోదాన్ని నమ్మి ఆదివారాలు పోగొట్టుకోకండి.

కచేరీ వేదిక కూడా పనిచోటే. అక్కడ ఒకరి పనికి ఇంకొకరి ఆమోదం నలుగురి ఎదుటా జరుగుతుంది. కర్ణాటక సంగీతంలో పాల్ఘాట్ మణి అయ్యర్ పేరు వినని మృదంగ విద్యార్థి ఉండడు. 1966లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మృదంగ విద్వాంసుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. ఆయన పట్టుదలలు అందరికీ తెలుసు. మైకు పెడితే వాయించనన్న కాలం ఉంది. గాయనీమణులకు పక్కవాద్యం వాయించనన్నది ఇంకో పట్టుదల, చాలాకాలం నడిచింది. అదే కాలంలో గాయని డి.కె. పట్టమ్మాళ్, ఆడవాళ్లు పాడరనుకున్న రాగం తానం పల్లవిని వేదిక మీద పాడి, పల్లవి పట్టమ్మాళ్ అనిపించుకున్నారు. లయలో ఆమెకున్న పట్టు అలాంటిది. మణి అయ్యర్ చివరికి తన పట్టు సడలించి మృదంగం తీసుకుని ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్ల రెండు కుటుంబాలూ వియ్యమందుకున్నాయి, నేటి గాయని నిత్యశ్రీ మహదేవన్ ఆ ఇద్దరికీ మనవరాలు. ఆయన వేదిక మీద ఆమెను ఏమని మెచ్చుకున్నారన్నది నాకు ముఖ్యం కాదు. తాళంచెవి చేతికివ్వడం లాంటిదే ఆ కూర్చోవడం కూడా. అయితే ఆ పట్టుదల సరైనదని నేను ఒప్పుకోను. ఆయన మృదంగం పక్కన లేని ఏళ్లలో కూడా పట్టమ్మాళ్ పట్టమ్మాళే. ఆమె పల్లవికి ఎవరి ముద్రా అక్కర్లేదు. ఇది మనకు చాలా అవసరమైన సంగతి. కఠినమైన మనిషి మెచ్చిన రోజు మన పని మంచిదైపోదు. అది అంతకుముందు రోజు కూడా మంచిదే.

ఇక ఆ మెప్పును అందుకోవడం గురించి. ఈ మాట ఎంత అరుదుగా వస్తుందో, వచ్చినప్పుడు మనం దాన్ని అంత తేలిగ్గా పాడు చేసుకుంటాం. కొందరు వెంటనే అనుమానిస్తారు, ఏదో పని పడి ఉంటుందిలే అని. కొందరు పాత బాకీ తీర్చుకుంటారు, "ఇప్పటికి తెలిసిందా సార్?" అని. కొందరు ఆ మాటను మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పేస్తారు. అది తిరిగి తిరిగి ఆ మనిషి చెవినే పడుతుంది. జీవితంలో ఎప్పుడో ఒకసారి నోరు తెరిచినవాళ్లు మళ్లీ తెరవరు. నేను తాళంచెవి తీసుకునే రోజున, ఆయన రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటుంటే, "మీరు సార్‌తో అన్నది విన్నాను. నాకు చాలా సంతోషమైంది" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. "తలుపు వేశాక రెండుసార్లు లాగి చూడు" అన్నారు. ఆ జవాబు నాకు చాలు. అందులో ఇంకేదో ఉండాలని నేను వెతకలేదు. క్షమాపణ కోసం కూడా వెతకలేదు. ఆ కుర్రాడి విషయంలో ఆయన మీద నాకున్న అభిప్రాయం అలాగే ఉంది. ఈ మాట మీది సంతోషమూ అలాగే ఉంది. ఒకదాన్ని ఇంకొకదానితో చెరిపెయ్యాలని మనం ఎందుకు అనుకుంటామో నాకు అర్థం కాదు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఆ మంచి మాట అనాల్సిన రెండో వైపు మనుషులు కూడా ఉంటారని నాకు తెలుసు. ముప్పై ఏళ్ల సర్వీసులో పని తప్ప ఇంకేదీ ఎరగనివారు. తప్పు జరిగితే నిద్ర పట్టనివారు. కిందివాళ్లను మెచ్చుకుంటే నెత్తికెక్కుతారేమోనని, పని పలచబడుతుందేమోనని భయపడేవారు. ఇంకొందరికి భయం కూడా కాదు, మొహమాటం. ఇన్నేళ్లు అనని మాట ఇప్పుడు అంటే ఎబ్బెట్టుగా ఉంటుందేమో, ఎదుటివాళ్లు ఏమనుకుంటారో అని.

ఆ మొహమాటం గురించి 2018లో ఒక పరిశోధన వచ్చింది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు చేశారు. తమకు మేలు చేసినవారికి కృతజ్ఞతతో ఉత్తరం రాయమని కొందరిని అడిగారు. అది అందుకున్నవారికి ఎలా ఉంటుందనుకుంటున్నారో ముందే చెప్పమన్నారు. తర్వాత, అందుకున్నవారిని నేరుగా అడిగారు. రాసినవారు ఎబ్బెట్టుగా ఉంటుందని ఎంత అనుకున్నారో, అందుకున్నవారికి అంత ఎబ్బెట్టు కలగలేదు. వాళ్ల ఆశ్చర్యం, సంతోషం మాత్రం రాసినవారు ఊహించిన దానికంటే ఎక్కువగా ఉన్నాయి. రాసినవారికేమో మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నదే బెంగ. చదివినవారు చూసింది మాటల కూర్పును కాదు, వాటిలోని ఆప్యాయతను. కాబట్టి మాట సొంపుగా రావడం లేదని ఆగిపోకండి.

మీ సెక్షనులో ఎవరి ఫైలు మీరు రెండోసారి చూడటం మానేశారో మీకు తెలుసు. ఎవరు డ్యూటీలో ఉంటే మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్తారో తెలుసు. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. బదిలీ ఆర్డరు వచ్చాక, వీడ్కోలు సభలో, పూలదండ మధ్య చెబితే అది అందరికీ చెప్పే మాటల్లో కలిసిపోతుంది. మామూలు రోజున, పని మధ్యలో చెప్పండి. పెద్దగా ఏమీ అక్కర్లేదు. "ఏమ్మా, నువ్వు చేసిన స్టేట్‌మెంటు చూశాను, ఒక్క అంకె తప్పు లేదు" అంటే చాలు. కాకపోతే, అన్న తర్వాత 'కానీ' అని మొదలుపెట్టకండి. ఆ కానీ తర్వాత చెప్పాల్సింది ఏదైనా ఉంటే రేపు చెప్పుకోవచ్చు.